వేడి చుట్లు

ఆమె కారు దిగేదాకా గడియారం మొదలుకాదు. ఆ ఇంట్లో అది ఎవరూ పెట్టని నియమం. నెలకో ఆదివారం పొద్దున్నే ట్రాక్ దగ్గరికి చేరగానే మామయ్య తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, పాత ఇంజను గనక తొందర పెట్టొద్దని, నూనె వేడెక్కేదాకా కాసిని చుట్లు తిప్పి తీసుకురమ్మని చెబుతాడు. ఆమె తిప్పి తీసుకొస్తుంది. దిగి తలుపు పట్టుకుని నిలబడితే మామయ్య ఎక్కుతాడు. అప్పుడు ఆమె భర్త జేబులోంచి గడియారం తీస్తాడు. మామయ్య తర్వాత మరిది ఎక్కుతాడు. ఎవరు ఏ చుట్టు ఎంతలో తిరిగారన్న కబుర్లు సాయంత్రం దాకా సాగుతాయి. వేడి చుట్లు ఎంతలో తిరిగాయని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

కారు రెండు సీట్లది. వయసులో మరిది కంటే కొంచెం పెద్దది. ఒకప్పుడు ఎరుపు, ఇప్పుడు ఇటుకరంగు. మామయ్య మందుల దుకాణం వెనక షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. వారమంతా మాత్రలూ సీసాలూ చూసే మనిషి, మధ్యాహ్నం దుకాణం మూసిన కాసేపూ వెళ్ళి దాన్ని చూసుకుని వస్తాడు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఆ దుప్పటి కింద ఏముందని అడిగింది. అలా అడిగిన మొదటి మనిషి తనేనట. ఆ సంతోషంలో మామయ్య ఆమెకి నడపడం నేర్పాడు, అక్కడితో సరిపెట్టాడు.

వచ్చే నెల క్లబ్బువాళ్ళ పెద్ద పందెం. కారుకి ఇద్దరు డ్రైవర్లు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా మారి మారి నడపాలి. ఆ ఇద్దరిలో తనొకతె కావాలని ఆమెకి ఎన్నాళ్ళ నుంచో ఉంది. ఎవరితోనూ అనలేదు. నవ్వుతారని కాదు. అయ్యో, ముందే చెప్పొచ్చు కదా, ఈసారికి పేర్లు ఇచ్చేశాం అంటారని. ఆ మాట ఏడాదికోసారి వినడం కంటే అడక్కుండా ఉండడమే నయమనుకుంది. మామయ్య, మరిది అనే రెండు పేర్లు ఏటా వాటంతటవే పడిపోయేవి.

ఈసారి మాత్రం పేర్ల దాకా పోకముందే గండం వచ్చిపడింది. క్లబ్బులో కార్లు తనిఖీ చేసే మనిషి ఒకడుంటాడు. నవ్వితే జీతం కోస్తారన్నట్టు ఉంటాడు. కారుని జాకీ మీద ఎత్తించి, ఒక్కో చక్రాన్నీ చిన్న కొయ్య సుత్తితో తట్టి చెవి ఒగ్గి విన్నాడు. ముందు రెండూ గంటల్లా మోగాయి. వెనక కుడిది మోగింది. ఎడమది మోగలేదు. రేకు డబ్బా మీద కొట్టినట్టు చప్పగా పలికింది. నూనెగుడ్డతో తుడిచి, మీద సుద్దపొడి జల్లి, కాసేపు ఆగి చూపించాడు. చక్రం ఊచ మొదట్లో వెంట్రుకంత గీత తేలింది. నాలుగూ ఒకే ఈడువి కాబట్టి నాలుగూ మార్చుకురమ్మని, అందాకా కారుని లోపలికి రానివ్వనని చెప్పేశాడు.

మామయ్య ఒంటికాలి మీద లేచాడు. మొన్నటిదాకా తిరిగిన చక్రం ఇవాళ ఎలా చెడిందని వాదించాడు. మరిది పక్కనుంచి వంత పాడాడు. ఆమె మాత్రం చక్రం పక్కన గొంతుక్కూర్చుని, ఇంకొక్కసారి కొట్టమని తనిఖీ మనిషిని అడిగింది. అతను ఆశ్చర్యపోయి సుత్తి ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె మంచిదాన్ని ఒకసారి, చెడ్డదాన్ని ఒకసారి తట్టింది. ఇంత గట్టి వస్తువు లోపల చెడిపోయినా పైకి ఏమీ తెలియకుండా అన్నేళ్ళు తిరగగలగడం ఆమెకి విచిత్రంగా తోచింది. ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆ రెండు చప్పుళ్ళూ చెవుల్లోనే ఉన్నాయి.

కొత్త చక్రాలు ఏవి కొనాలన్నదాని మీద ఇల్లు రెండుగా చీలింది. మరిదికి వెడల్పాటివి కావాలి. తేలికవి, సన్న ఊచలవి, చూస్తేనే పరిగెత్తేటట్టున్నవి. మామయ్యకి పాతవాటి కొలతే కావాలి. కారు పుట్టినప్పుడు ఇంజనీర్లు ఊరికే ఆ కొలత పెట్టారా అని ఆయన వాదం. ఆమె భర్తకి కారు గొడవ పట్టదు. ఏవైనా గుండ్రంగా ఉంటే చాలన్నాడు. చక్రాల దుకాణం పెద్దాయన క్లబ్బులో పాత స్నేహితుడు. ఈ పోరు భరించలేక మూడు రకాలు, రకానికి నాలుగేసి, మూడింటికీ ఒకే రకం టైర్లు ఎక్కించి షెడ్డుకి పంపించాడు. గీత పడకుండా వాడి చూసుకోండి, నచ్చినవి ఉంచుకుని మిగిలినవి తిరిగివ్వండి అన్నాడు. వాటిలో పాత కొలతవి ఒక జత, వెడల్పాటి తేలికవి ఒకటి. మూడోది ఎవరూ అడగనిది. కొంచెం చిన్నవి, సన్నవి, టైరు గోడ ఎత్తుగా ఉన్నవి. వాటిని చూసి మరిది, ఇవి మామ్మల కారువి కాబోలని తీసిపారేశాడు.

మామయ్యకి ఒక పట్టుదల ఉంది. మందు మంచిదని ముందే చెప్పి ఇస్తే సగం రోగం ఆ మాటకే తగ్గుతుందని ఆయన దుకాణంలో అందరికీ చెబుతాడు. అందుకే కొత్త మందుని పరీక్షించేటప్పుడు, మింగేవాడికి తాను మింగేదేమిటో తెలియకూడదు. చక్రాలకీ అదే న్యాయం అన్నాడు. ఖరీదైన చక్రం మీద కూర్చున్నానని తెలిస్తే కాలు దానంతటదే నొక్కుతుంది. కనక నడిపేవాడికి ఏవి బిగించారో తెలియకూడదు. మూడు జతలకీ మందు చీటీ మీద రాసే అలవాటు కొద్దీ ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని పేర్లు పెట్టి, లోపలి వైపు సుద్దతో రాశాడు. పాత కొలతవి ఉదయం, వెడల్పువి మధ్యాహ్నం, ఆ సన్నవి రాత్రి.

మొదట బరువులు చూడాలన్నాడు. దుకాణం గుమ్మంలో వచ్చేపోయేవాళ్ళు బరువు చూసుకునే యంత్రం ఉంది. ఆమె, మరిది కలిసి చక్రాలు ఒక్కొక్కటే దొర్లించుకొచ్చి దానిమీద నిలబెట్టారు. బరువు చూసుకోవడానికి వచ్చిన ఒకావిడ మర్యాదగా చక్రం వెనక వరసలో నిలబడి, తన వంతు వచ్చాక, చక్రం తనకంటే ఎంత నయమో అని నిట్టూర్చింది.

చక్రాల నడిమి రంధ్రం ఇరుసు మొగ్గకంటే కాస్త పెద్దదిగా ఉంది. మధ్యలో సందు మూయడానికి సన్నటి రింగులు ఇచ్చారు గానీ అవి బిగుతుగా కూర్చోవడం లేదు. ఆమె పనిచేసేది కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో. అద్దాన్ని ఫ్రేముకి సరిపడేలా అంచు అరగదీయడం ఆమె పని. రింగుల్ని సంచిలో వేసుకెళ్ళి, మధ్యాహ్నం ఖాళీలో ఒక్కొక్కటే అంచు తీసి తెచ్చింది. ఈసారి అవి చిన్న చప్పుడుతో లోపలికి వెళ్ళి కూర్చున్నాయి. మామయ్య బొటనవేలితో తడిమి చూసి తల ఊపాడు. ఆ తల ఊపుడు కూడా రింగుకేనని ఆమెకి తెలుసు.

పరీక్ష చేసేది ఎవరన్న మాట వచ్చింది. పందెంలో నడిపే ఇద్దరూ ఎలాగూ చేస్తారు. కానీ మామయ్యకి పాతవాటి మీద మమకారం, మరిదికి వెడల్పువాటి మీద మోజు. వాళ్ళిద్దరి లెక్కా నమ్మలేం. మామయ్య కాసేపు ఆలోచించి, ఆమె వంక చూశాడు.

"మూడో మనిషి కావాలి. ఏ అభిప్రాయమూ లేని మనిషి. అమ్మాయ్, నువ్వు కూడా ఒక్కో రకం మీద కాసిని చుట్లు తిప్పు."

మరిది దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె సరేనంది. ఏ అభిప్రాయమూ లేకపోవడం ఎలా ఉంటుందో ఆ రాత్రి కొంతసేపు ఆలోచించింది. కడుపు మండింది కూడా. అయినా అన్నిటికంటే పైకి తేలిన ఆలోచన వేరే. రేపు గడియారం తనకి కూడా తిరుగుతుంది. తనెంతలో తిరుగుతుందో తనకే తెలియదు. అది తెలుసుకోవాలన్న కుతూహలం ముందు మామయ్య మాట చిన్నదైపోయింది.

ట్రాక్‌ని ఒక పూటకి మాట్లాడుకున్నారు. ఆ పూట నడిపిన దానికంటే విప్పి బిగించిందే ఎక్కువ. ఒక్కో మనిషికీ వరస మార్చి మూడు జతలూ వేయాలి. నడిపేవాణ్ణి విశ్రాంతి గదిలో కూర్చోబెట్టి, మిగిలినవాళ్ళు చక్రాలు మార్చి, ఆ తర్వాత పిలవాలి. కారు దగ్గరికి నడిచొచ్చేటప్పుడు చక్రాలు కంట పడకుండా మామయ్య ఒక ఉపాయం కనిపెట్టాడు. పెద్ద నల్ల గొడుగు విప్పి, నడుము ఎత్తున అడ్డంగా పట్టుకుని పక్కన నడవడం. ఎండా లేదు, వానా లేదు, గొడుగు నేలకి పట్టుకుని మనుషుల్ని నడిపిస్తున్న ఆ కుటుంబాన్ని చూసి, పక్క షెడ్డులో మోటారుసైకిళ్ళ వాళ్ళు పని మానేసి నోళ్ళు వెళ్ళబెట్టారు. మామయ్య వంతు వచ్చినప్పుడు గొడుగు ఆమె పట్టింది. ఆయన నియమం తప్పే మనిషి కాదు. ఎందుకైనా మంచిదని కళ్ళు కూడా మూసుకుని ఆమె భుజం పట్టుకుని నడిచాడు.

మామయ్య నడిపాడు, తర్వాత మరిది, చివర ఆమె. ఇంజను అప్పటికే వేడి మీద ఉంది. జాగ్రత్తగా తిప్పి తీసుకురమ్మని ఎవరూ చెప్పలేదు. భర్త గడియారం పట్టుకుని కంచె దగ్గర నిలబడడం ఆమె కారులోంచి మొదటిసారి చూసింది.

ట్రాక్ చివర ఎడమకి తిరిగే పొడుగాటి మలుపు ఉంది. మొదలుపెట్టాక ఎంతకీ తెమలదు. మిగతా చోట్ల కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు గానీ అక్కడ పోగొట్టుకున్నది మళ్ళీ దొరకదు. ఆమె నాలుగో గేరులో, ఎడమ మోకాలు ఎప్పటిలాగే గేరు కర్రకి ఆనించి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఆ మలుపులోకి వెళ్ళింది. మొదటిసారి వేసిన చక్రాలు బుద్ధిగా ఉన్నాయి. చెప్పిన మాట విన్నాయి, అంతకంటే ఏమీ అనలేదు. రెండోసారి వేసినవి మలుపు మధ్యలో మొదట టైరు గోడ దగ్గర కొంచెం నలిగాయి. కూర్చున్న చోట నడుముకి ఆ నలుగుడు తెలిసింది. ఆ తర్వాతే మెల్లగా జారాయి. ఆమె అంతే మెల్లగా సర్దుకుంది. మూడోసారి వేసినవి నేలని కరిచి పట్టాయి. ఇంతకంటే పట్టు ఉండదేమో అనుకునేంతలో ఏ కబురూ లేకుండా వదిలేశాయి. కారు గడ్డి అంచు దాకా వెళ్ళి వచ్చింది. మళ్ళీ తిరిగొచ్చేసరికి ఆమెకి భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. అన్నీ ఇనుపవో అల్యూమినియంవో గుండ్రటి ముక్కలే. ఇంత వేరువేరు స్వభావాలు ఎక్కడివి వీటికి?

కంచె దగ్గర ఆమె భర్త గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. విదిలించాడు. తర్వాతి చుట్టుకి మళ్ళీ నొక్కి, మళ్ళీ దానివంకే చూశాడు. సాయంత్రం దాకా ఎవరికీ ఏమీ చెప్పకూడదని మామయ్య నియమం. కారు దిగి వస్తున్న ఆమెని అతను మొదటిసారి చూస్తున్నట్టు చూసి, గడియారం జేబులో వేసుకున్నాడు.

ఇంటికొచ్చి, చేతుల జిడ్డు కడుక్కుని, అందరూ భోజనాల బల్ల చుట్టూ చేరాక ఆమె భర్త ఫోనులో రాసుకున్న లెక్కలు చదివాడు. మూడు రకాల చక్రాల మధ్య తేడా కంటిరెప్ప వేసినంత. మనుషుల మధ్య తేడా మాత్రం ఎవరూ కాదనలేనంత. అన్నిటికంటే వెనక మామయ్య. మరిది ఒకసారి ఇలా, ఒకసారి అలా, మొత్తం మీద మధ్యలో. ఆమె ఏ చక్రాల మీదైనా ఇద్దరికంటే ముందే ఉంది.

మామయ్య కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, పరీక్షలో లోపం ఉందన్నాడు. అమ్మాయి మూడు సార్లూ చివర నడిపింది. అప్పటికి ట్యాంకు ఖాళీ అయి కారు తేలికైంది, టైర్లు కాగి పట్టు పెరిగింది. అందువల్ల వచ్చిన తేడా ఇది. వరస తిరగేసి మళ్ళీ చేయాలి.

"పెట్రోలు బరువుకే ఇంత తేడా వస్తే చక్రాలెందుకు నాన్నా, ఉత్త ట్యాంకుతో తోసుకుంటూ పరిగెడదాం," అన్నాడు మరిది.

మామయ్య ఆ మాట చెవిన వేసుకోలేదు. ఆమె కంచాలు తీసి లోపల పెట్టింది. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు, నిజంగానే వరస ఒకటే అయింది. అది తెలిసి కూడా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చక్రానికి చేసిన న్యాయం మనిషికి చేయడానికి ఈయనకి ఎన్ని పరీక్షలు కావాలో అనుకుంది. పక్కన కంచాలు తుడుస్తున్న భర్త, గడియారం చెడిందేమోనని నాలుగు సార్లు సరిచూశానని, చెడలేదని మెల్లగా చెప్పాడు. అతనికి చేతనైన పొగడ్త అది.

మూడు రోజుల తర్వాత మరిది కళ్ళద్దాల దుకాణానికి వచ్చాడు. చలవద్దాల మర వదులైందన్నది వంక. ఆమె మర బిగిస్తుంటే పక్కన నిలబడి నీళ్ళు నమిలి, చివరికి బయటపెట్టాడు. పందెంలోంచి తను తప్పుకుంటానని, ఉద్యోగంలో సెలవు దొరకలేదని నాన్నతో చెబుతానని, ఆ చోటులో ఆమె పేరు ఇవ్వమని. ఆమె అద్దాలు వెలుతురుకి ఎత్తి చూసి, గుడ్డతో తుడిచింది. ఒప్పుకోవాలని చాలా అనిపించింది. అందుకే తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది.

"నువ్విస్తే అది నీ సీటే అవుతుంది. నేను నీ బదులు కూర్చున్నట్టవుతుంది. వద్దులే."

"మరి నీ పేరు నాన్న ఎప్పటికీ అనడు వదినా."

"అనకపోతే పోనీ. రేపటి పరీక్షలో మొదట నేనే కదా నడపాలి, నిండు ట్యాంకుతో. ఆయన చెప్పింది నిజమా కాదా నాకూ చూడాలనుంది."

అది మాట వరసకి అన్నది కాదు. చివర నడిపినందుకే ముందున్నానేమో అన్న అనుమానం ఆమెకీ మూడు రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు.

రెండో పరీక్ష నాడు ఆకాశం మబ్బేసి, నేల చల్లగా ఉంది. ట్యాంకు మూత దాకా నింపారు. ఎప్పటిలాగే మొదట ఆమె ఎక్కింది. ఎప్పటిలా కాకుండా భర్త గడియారం తీసి నిలబడ్డాడు. కారు బరువుగా, బద్ధకంగా లేచింది. టైర్లు చల్లగా ఉండి మొదటి మలుపుల్లో మొరాయించాయి. ఆమె దేనికీ తొందరపడలేదు. చల్లటి టైర్లతో, వెచ్చబడని ఇంజనుతో ఈ ట్రాక్ మీద తిరిగినన్ని చుట్లు ఈ ఇంట్లో ఇంకెవరూ తిరగలేదన్న సంగతి ఆ పొడుగాటి మలుపులో ఆమెకి హఠాత్తుగా తట్టింది. నవ్వొచ్చింది. ఆమె తర్వాత మరిది, చివర మామయ్య. కాగిన టైర్లూ తేలికైన కారూ, అన్నీ ఆయన కోరుకున్నట్టే అమిరాయి.

ఈసారి మామయ్య సాయంత్రం దాకా ఆగలేదు. దిగుతూనే పెద్దకొడుకు దగ్గరికి వెళ్ళి ఫోను అడిగి తీసుకున్నాడు. తేడా మొన్నటికంటే తగ్గింది గానీ వరస మాత్రం మారలేదు. ఆమె ముందు, ఆయన వెనక. ఆయన ఫోను తిరిగిచ్చేసి, షెడ్డు అరుగు మీద కూర్చున్నాడు. ముఖం చిన్నబోతుందేమోనని ఆమె చూసింది. చిన్నబోలేదు. దుకాణంలో ఎవరైనా అర్థంకాని రోగలక్షణం చెప్పినప్పుడు కనుబొమలు ముడివేసి ముందుకి వంగుతాడే, అలా వంగి కూర్చున్నాడు. చక్రాలు కాదు, పెట్రోలు కాదు, వేడి కాదు అని వేళ్ళు మడిచాడు. తర్వాత తలెత్తాడు.

"ఆ పొడుగు మలుపులో నువ్వేం చేస్తున్నావమ్మా? అందులోంచి నువ్వు బయటపడే వేగమే వేరు. నాకు తెలియాలి."

ఇన్నేళ్ళలో ఆయన నడపడం గురించి ఆమెని అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమెకి వెంటనే జవాబు తెలుసు. నోటి దాకా వచ్చి ఆగింది. ఏం లేదు మామయ్యా, మామూలుగానే అంటే చాలు. ఆయన రెండు సార్లు కొలిచి చూసుకున్న మనిషి, కొలతకి కట్టుబడతాడు. సీటు తనదే. చెబితే ఆ కిటుకు ముగ్గురిదీ అవుతుంది. ముగ్గురూ సమానమైతే మళ్ళీ పాత రెండు పేర్లే వాటంతటవే పడిపోతాయి. ఇది ఆమెకి స్పష్టంగా కనిపించింది. కానీ ఆయన ముఖంలో ఉన్నది తనకి బాగా తెలిసిన ఆకలి. ఆ రోజు సుత్తి చేత్తో పట్టుకుని పగిలిన చక్రం పక్కన కూర్చున్నప్పుడు తనకున్నదే. దాని ముందు అబద్ధమాడడం ఆమెకి చేతకాలేదు.

చెప్పింది. ఆ మలుపులో కాలు కొంచెం తేలికచేస్తే నాలుగో గేరు జారి ముందుకి ఊడొస్తుందని, మొదట్లో తన తప్పే అనుకుందని. వేడి చుట్లకి గడియారం లేదు కాబట్టి, నెమ్మదిగా వచ్చినా అడిగేవాళ్ళు లేరు కాబట్టి, అదీ ఇదీ చేసి చూసిందని. చివరికి ఎడమ మోకాలు కర్రకి అడ్డం పెడితే ఊడదని తెలిసిందని, దాంతో చేతులు రెండూ స్టీరింగుకే ఉంటాయని.

మామయ్య తన ఎడమ అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

"నేను చేత్తో పట్టుకుంటాను," అన్నాడు. "ఆరేళ్ళయింది. మలుపంతా ఒంటిచేత్తోనే తిప్పుతా. నా చేతిలో పట్టు తగ్గి ఊడుతోందనుకున్నా."

మరిది జుట్టు పీక్కున్నాడు. అతను ఆ భయంతోనే అక్కడ నాలుగు వేయడం మానేశాడట. మూడులోనే ఇంజనుని ఏడిపిస్తూ తిప్పుతాడట. నాన్న వేస్తుంటే ఊడని గేరు తను వేస్తే ఊడుతోందంటే పరువు పోతుందని ఇన్నాళ్ళూ దాచాడట. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకే కారులో ఒకే మలుపులో ఒకే జబ్బుని ఎవరికి వారే తమ జబ్బనుకుని కప్పిపెట్టుకున్నారు. పైగా ఇల్లంతా కలిసి పన్నెండు చక్రాలు తూచి, గొడుగు పట్టుకుని ఊరేగింది. మొదట నవ్వింది ఆమె భర్త. గేరు సంగతి వదిలేసి చక్రాలకి మందు రాసిన డాక్టరు మా నాన్నొక్కడే అన్నాడు. మామయ్య కూడా కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు.

నవ్వు ఆగాక ఆయన లేచి శిరస్త్రాణం పెట్టుకున్నాడు. ఇంకా కాసేపు ట్రాక్ వాళ్ళదే. మోకాలి సంగతి చూసొస్తానని వెళ్ళాడు.

వాళ్ళు ముగ్గురూ కంచె దగ్గర నిలబడ్డారు. పొడుగాటి మలుపు అక్కడికి కనిపించదు, వినిపిస్తుంది. మొదటి చుట్టులో ఇంజను ఒకే గొంతుతో సాఫీగా పోయింది. మామయ్య ఎప్పుడూ లేనంత వేగంగా వాళ్ళ ముందు నుంచి దూసుకుపోయాడు. తన సీటు పోయిందనుకుంది ఆమె. దానితో పాటే, ఏ మాటకామాట, ఒళ్ళు పులకరించింది కూడా. రెండో చుట్టూ అలాగే గడిచింది. మూడో చుట్టులో మలుపు మధ్యకి వచ్చాక ఇంజను ఒక్కసారి గొంతు చించుకుని అరిచింది. గేరు ఊడిన అరుపు. తర్వాత నిశ్శబ్దం. మరిది కంచె దూకబోయాడు. అంతలో కారు నెమ్మదిగా, నడక మీద వస్తున్నట్టు కనిపించింది.

మామయ్య తలుపు తీసుకుని కుడికాలు బయటపెట్టాడు. ఎడమ కాలిని రెండు చేతులతో పట్టుకుని బయటికి తెచ్చుకున్నాడు. ఆమె పరుగున వెళ్ళి చెయ్యి ఇచ్చింది.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు రొప్పుతూ. "రెండు చేతులతో ఆ మలుపు తిరిగి ఎన్నాళ్ళయిందో. కానీ మోకాలు ఒప్పుకోవడం లేదమ్మా. రెండు చుట్లకే వదిలేసింది. పొద్దుట నుంచి సాయంత్రం దాకా అంటే నా వల్ల కాదు."

గేరుబాక్సు విప్పించి బాగుచేయిద్దామని ఆమె అంది. పందెం లోపల అది అయ్యే పని కాదని, విడిభాగం దొరకడానికే నెలలు పడుతుందని ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన తల అడ్డంగా ఊపి, చిన్నోడి పేరూ నీ పేరూ ఇచ్చేస్తానని మామూలుగా, దుకాణంలో చిల్లర ఇచ్చినట్టు చెప్పాడు. ఎన్నో ఏళ్ళుగా ఆమె ఆ మాట కోసం చూసింది. ఎప్పుడూ మరిది సీటు తనకి వస్తుందనే ఊహించుకుంది. మామయ్య లేచి ఇస్తాడని ఒక్కసారి కూడా అనుకోలేదు. వద్దనాలనిపించింది. వద్దంటే ఆయన రెండు పూటల కష్టానికి విలువ లేకుండా పోతుందనీ అనిపించింది. సరే మామయ్యా అని మాత్రం అనగలిగింది.

ఆయన అరుగు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ, అసలు సంగతి మిగిలే ఉందన్నాడు. పెద్దాయనకి చక్రాల కబురు చెప్పాలి. గడియారం ఏమీ తేల్చలేదు.

"నీకేవి నచ్చాయి?"

"పేరు నాకు తెలియదు. మొన్న నాకు రెండోసారి వేసినవి, ఇవాళ మొదటిసారి వేసినవి. రెండూ ఒకటేనా?"

మామయ్య చెయ్యి మోకాలి మీద ఆగిపోయింది. ఒకటే అన్నాడు.

"అవి చెప్పి జారతాయి. మిగతావి చెప్పవు. రోజంతా నడపాలంటే నాకు చెప్పేవే కావాలి."

మరిది మామ్మల చక్రాలని గొణిగాడు గానీ గట్టిగా అనే ధైర్యం చేయలేదు. మామయ్య, చెప్పి జారతాయన్న ఆమె మాటని రుచి చూస్తున్నట్టు ఒకసారి తనూ అని చూశాడు. తర్వాత ఫోను తీసి చక్రాల దుకాణం పెద్దాయనకి కలిపాడు.

"ఆ, నేనే. తేలిపోయిందయ్యా. మా డ్రైవరు రాత్రివి కావాలంటోంది."

అవతల ఆయనకి డ్రైవరు ఎవరో, రాత్రివంటే ఏమిటో ఒక్క ముక్క అర్థం కాలేదు. మామయ్య గట్టిగా, ఓపిగ్గా, మొదట డ్రైవరు ఎవరో చెప్పడం మొదలుపెట్టాడు.